పర్లాకిమిడిలో తెలుగులో విన్న అమెరికా స్వాతంత్ర్య పోరాటం: ఒక శిక్షణ తరగతిపై నా అభిప్రాయం

పర్లాకిమిడిలో మా వీధికి దగ్గరగా ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో, పోటీ పరీక్షలకు చదువుతున్న మా అబ్బాయితోపాటు నేనూ ఫీజు కట్టి ప్రపంచ చరిత్ర తరగతులకు హాజరయ్యాను. ఇక్కడి మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు కాబట్టి, చరిత్రను తెలుగులో విడమరిచి చెప్పేవారు ఊళ్లోనే ఉండడం ఎంతో మేలు. అమెరికా వలసలు బ్రిటిష్ సామ్రాజ్యం నుంచి విడివడిన పాఠం గురించే ఇక్కడ రాస్తున్నాను.

మాస్టారు ఆ పాఠాన్ని మన గోదావరి సీమలోని చందుర్తి దగ్గర మొదలుపెట్టారు. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషువారు ఫ్రెంచివారిని ఓడించిన పోరు ఏడేళ్ల యుద్ధంలో భాగమనీ, ఆ యుద్ధమే అమెరికాలోనూ సాగిందనీ, 1763లో అది ముగిసేనాటికి పెరిగిపోయిన అప్పుల భారం వల్ల, అమెరికాలో ఉంచిన సైన్యం ఖర్చులో కొంతైనా వలసల నుంచి రాబట్టాలని బ్రిటిష్ పార్లమెంటు 1765లో, కాగితాల మీద పన్ను వేసే స్టాంపు చట్టం తెచ్చిందనీ వివరించారు. అదే 1765లో మొగలు పాదుషా షా ఆలం కోస్తా ప్రాంతాలైన ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ ఫర్మానా జారీ చేశాడు. మన ఊరు ఆ సర్కారుల్లోదే. ఈ రెండు సంగతులూ బోర్డు మీద పక్కపక్కన చూశాక మా అబ్బాయికి ఆ సంవత్సరం మళ్లీ బట్టీ పట్టవలసిన అవసరం రాలేదు.

అన్నిటికన్నా బాగా చెప్పింది తేయాకు సంగతి. 1773 నాటి చట్టంతో కంపెనీ తేయాకు వలసల్లో మరింత చవకగా దొరికే వీలు కలిగింది. అయినా బోస్టన్ వాసులు ఆ డిసెంబరులో 342 పెట్టెలను సముద్రం పాలు చేశారు. తమ ప్రతినిధి ఒక్కరూ లేని పార్లమెంటు వేసిన పన్ను అందులో దాగి ఉందనీ, చవక అని కొంటే ఆ పన్ను వేసే హక్కును ఒప్పుకున్నట్టేననీ వారు భావించారు. ఇంత స్పష్టంగా ఈ విషయాన్ని నేను ఎక్కడా వినలేదు.

యుద్ధాల వరుసను త్వరగా ముగించి, గెలుపుకు కారణాల మీద మాస్టారు ఎక్కువ సమయం వెచ్చించడం నాకు నచ్చింది. 1777లో సారటోగాలో అమెరికన్ల గెలుపు చూసి ఫ్రాన్సు మరుసటి ఏడాది వారితో ఒప్పందానికి వచ్చింది. 1781 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాదళం చెసపీక్ అఖాతం ముఖద్వారాన్ని మూసివేయగా, యార్క్‌టౌన్‌లో భూమివైపు నుంచి అమెరికన్ సేనాని వాషింగ్టన్ సేన, ఫ్రెంచి సేన చుట్టుముట్టడంతో, అక్టోబరు 19న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. ఆ కార్న్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు; అతడు 1793లో బెంగాల్‌లో స్థిరపరచిన శాశ్వత శిస్తు పద్ధతి తర్వాత మన జమీందారీల దాకా విస్తరించింది.

లోపాలూ ఉన్నాయి. అచ్చువేసి ఇచ్చిన నోట్సులో, యుద్ధాన్ని ముగించిన 1783 నాటి పారిస్ సంధికి 1781 అని పడింది. పరీక్ష రాసేవారికి ఇది నష్టం కలిగించే తప్పు. అంతకన్నా నన్ను బాధించినది, స్వేచ్ఛ కోసం పోరాడిన ఆ వలసల్లోనే బానిసలుగా ఉన్న ఆఫ్రికన్ల గురించి పది నిమిషాలైనా కేటాయించకపోవడం. తిరుగుబాటుదారుల బానిసలు బ్రిటిష్ పక్షాన చేరితే విముక్తి ఇస్తామని 1775లోనే వర్జీనియా వలస బ్రిటిష్ గవర్నరు డన్మోర్ ప్రకటించాడన్న సంగతి లేకుండా ఈ పాఠం పూర్తికాదు. దీనికి ఒక తరగతి కేటాయించమని మాస్టారిని కోరాను. తర్వాతి విడతలో చెబుతానని మాట ఇచ్చారు. ఆ విడతకూ మేమిద్దరం పేర్లు ఇచ్చాం.