మోటౌన్ బేస్ కోసం ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్: ఏడాది పైగా వాడాక

నా పీ-బేస్‌కి (ప్రెసిషన్ రకం బేస్ గిటార్) ఫ్లాట్‌వౌండ్స్, అంటే చదునైన తీగ చుట్టిన నున్నటి స్ట్రింగ్స్, ఎక్కించి ఏడాది దాటింది, ఇంకా విప్పలేదు. ఎక్కించిందే అమెరికన్ గాయక బృందం టెంప్టేషన్స్ పాడిన ‘మై గర్ల్’ కోసం. 1964లో డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ వాళ్లు చేసిన పాట, బేస్ వాయించింది జేమ్స్ జేమర్సన్. నోట్స్ పట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు, చరణం మొదలంతా సి, ఎఫ్ మధ్యే తిరుగుతుంది, చివరి చరణానికి స్కేలు డికి ఎక్కుతుంది, అంతే. కానీ మామూలు రౌండ్‌వౌండ్స్ (గుండ్రటి తీగ చుట్టిన స్ట్రింగ్స్) మీద ఎంత సరిగ్గా వాయించినా ఆ పాటలా వినపడదు, ఒక్కో నోటు ఖంగున మోగి ఆగకుండా సాగుతూ పక్క నోటు మీదకి వచ్చేస్తుంది.

జేమర్సన్‌ది 1962 ఫెండర్ ప్రెసిషన్, దాని మీద లా బెల్లా లావుపాటి ఫ్లాట్స్, 52 నుంచి 110 గేజ్ (స్ట్రింగ్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). తెగితే తప్ప మార్చేవాడు కాదట! బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే చోటు) కవర్ కింద ఫోమ్ ముక్క. మీటేది కుడి చూపుడు వేలు ఒక్కదానితోనే. అంతకుముందు నిలువు డబుల్ బేస్ వాయించిన మనిషి కాబట్టి ఆ పొట్టి, గుండ్రటి నోటు ఆయన చేతికి అలవాటే.

నేను అంత లావువి వేయలేదు, 45–105 సెట్. అయినా మామూలువాటికంటే బిగువు ఎక్కువే, నెక్ కాస్త ముందుకి వంగింది, ట్రస్ రాడ్ (నెక్ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) తిప్పించుకోవాల్సి వచ్చింది. కొత్తలో ఇవి కూడా గణగణమంటాయి, ఇదేనా అంత గొప్ప సౌండ్ అనిపిస్తుంది, కొన్ని నెలలు వాయించాక గానీ అసలు రంగు బయటపడదు. గిన్నెలు తోమే స్పాంజిని సన్నగా కోసి బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగ్స్ కింద దూర్చాను. తగిలీ తగలనట్టు ఉండాలి. మందమైతే జి స్ట్రింగ్ మీద శ్రుతే తెలియదు, ఉత్త టప్ టప్. టోన్ నాబ్ సగానికి తగ్గించండి.

స్పాంజి నోటుని ఆపుతుంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పదు కదా, అసలు కష్టమంతా అక్కడే. ఆ రికార్డులో చిటికెలు నాలుగు దెబ్బల తాళంలో 2, 4 మీద పడతాయి. మెట్రోనోమ్‌ని (తాళం కొట్టే పరికరం) ఆ రెండింటి మీదే మోగేలా పెట్టుకుని ఒక్క వేలితో సాధన చేస్తే, మనం ఎక్కడ తొందరపడుతున్నామో వెంటనే పట్టుబడిపోతాం.

నచ్చనివీ ఉన్నాయి. ధర ఎక్కువ, స్లాప్‌కి (బొటనవేలితో స్ట్రింగ్స్‌ని కొట్టి వాయించే పద్ధతి) అస్సలు పనికిరావు, ఇప్పటి సినిమా పాటలు వాయించే బ్యాండులో ఈ సౌండ్ కీబోర్డు కింద మునిగిపోతుంది. ఒక్కటే బేస్ ఉండి అన్నిరకాలూ వాయించేవాళ్లు ముందు ఉన్న స్ట్రింగ్స్ కిందే స్పాంజి పెట్టి నెల రోజులు చూడండి, చాలామందికి అదే సరిపోవచ్చు.