క్లాష్ రెండో ఆల్బమా, దాని ముందూ వెనుకలవా: ఏది మేలు?

పంక్ అంటే వేగంగా, గరుకుగా, తిరుగుబాటు ధోరణిలో సాగే రాక్ సంగీతం; ఇంగ్లండు పంక్ బృందం ‘ది క్లాష్’ పేరెత్తితే చాలామంది రెండు ఆల్బములనే తలుస్తారు: 1977 ఏప్రిల్‌లో బృందం పేరుతోనే వచ్చిన మొదటిది, 1979 డిసెంబరులో వచ్చిన ‘లండన్ కాలింగ్’. ఈ రెండింటి నడుమ, 1978 నవంబరులో వచ్చిన ‘గివ్ ఎమ్ ఎనఫ్ రోప్’ను మాత్రం ఇంట్లో నడిపివాడిని పలకరించినట్టు పలకరించి వదిలేస్తారు. గుంటూరు బ్రాడీపేటలో అద్దెగదిలో ఉన్న రోజుల్లో నేనూ అదే చేశాను. మిత్రుడి క్యాసెట్టును అరచేయంత స్పీకరున్న టేపురికార్డరులో ఒక్కసారి విని, డ్రమ్ముల మోతలో గొంతు వినిపించడం లేదని తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు రోజూ విజయవాడ నుంచి గుంటూరుకు బస్సులో తిరుగుతూ మూడింటినీ మళ్లీ విన్న మీదట ఆ తీర్పును సగం మార్చుకోవలసి వచ్చింది.

అమ్ముడుపోక మరుగున పడిందనుకోవడానికి వీలులేదు. బ్రిటన్ చార్టులో మొదటిది 12వ స్థానానికి, ‘లండన్ కాలింగ్’ 9వ స్థానానికి చేరితే, ఇది ఏకంగా 2వ స్థానానికి ఎక్కింది. చిక్కంతా ధ్వనిలో ఉంది. మొదటి ఆల్బమును కొన్ని వారాంతాలలో, తక్కువ ఖర్చుతో ముగించారు. ఆ గరుకుదనమే దాని అందం. రెండోదానికి బ్లూ ఆయిస్టర్ కల్ట్ అనే హార్డ్ రాక్ బృందంతో పనిచేసిన అమెరికన్ నిర్మాత శాండీ పెర్ల్‌మన్‌ను పిలిపించారు. గిటార్లు బరువెక్కి, నునుపుదేలి, పంక్ అభిమానులకు అది ఎదుటిపక్షమైన హార్డ్ రాక్ వారి సంగీతంలా తోచింది.

అయితే అప్పట్లో నాకు రోత పుట్టించిన ఆ డ్రమ్ములే ఇప్పుడు దీని బలంగా కనిపిస్తున్నాయి. మొదటి ఆల్బములో వాయించిన టెర్రీ చైమ్స్ స్థానంలో టాపర్ హెడన్ చేరిన తరువాత వచ్చిన తొలి ఆల్బము ఇదే. ‘టామీ గన్’ ఆరంభంలో తుపాకీ పేలినట్టు గుక్కతిప్పుకోకుండా పడే ఆ దెబ్బలను హెడ్‌ఫోన్లలో వింటే, అమ్మవారి ఊరేగింపులో తప్పెటగాడు ఒక్కసారిగా చెవి పక్కకు వచ్చి నిలబడ్డట్టే ఉంటుంది. మొదటి ఆల్బములో ఈ బిగువు లేదు.

మాటల విషయంలో మాత్రం మొదటిదే పైచేయి. అందులో నిరుద్యోగం, విసుగు, వారి వీధి ఉన్నాయి. రెండోదానిలో తుపాకులు, యుద్ధాలు వార్తాపత్రికలోంచి దిగినట్టుంటాయి. జైలుకు వెళ్లివచ్చిన పాత స్నేహితుడి కోసం బృందపు గిటారిస్టు మిక్ జోన్స్ పాడిన ‘స్టే ఫ్రీ’ ఇందుకు మినహాయింపు. ఇంకొక విచిత్రం: ఈ రెండో ఆల్బము తొలి పాట బృందపు ప్రధాన గాయకుడు జో స్ట్రమ్మర్, జోన్స్ జమైకా వెళ్లి బెదిరిపోయి వచ్చిన కథే అయినా, దాని నడక దాదాపుగా రాక్‌దే. జమైకా గాయకుడు జూనియర్ మర్విన్ పాటను, అదీ ఆ దేశపు సంగీతమైన రెగే పాటను, మొదటి ఆల్బములోనే ఆరు నిమిషాలు పాడినవారు ఇక్కడ రెగేను ఎందుకు అంత దూరం పెట్టారో నాకు అంతుపట్టదు.

ఒక డిస్కు ధరకు రెండు డిస్కులుగా వచ్చిన ‘లండన్ కాలింగ్’తో పోటీ పెట్టడం న్యాయం కాదు, 19 పాటలలో రెగే, దానికి ముందుతరమైన స్కా, తొలినాటి రాక్ అండ్ రోల్ రకమైన రాకబిల్లీ, జాజ్ పోకడలన్నీ ఇమిడిన ఆ ఆల్బమే మూడింటిలో మేలు, కొత్తవారు అక్కడే మొదలుపెట్టాలి. కానీ హెడన్ చేయి రెండో ఆల్బములో స్థిరపడకపోయి ఉంటే అన్ని తాళాలను అంత సునాయాసంగా మోసేవారెవరు? కాబట్టి మిగిలిన రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే, పదిమంది అభిప్రాయానికి విరుద్ధమైనా, నా ఓటు రెండోదానికే.

పది పాటలూ కలిపి సుమారు 37 నిమిషాలు, అంటే ట్రాఫిక్ అడ్డం రాకపోతే బస్సు కాజ టోల్‌గేటు చేరేలోగా అయిపోతుంది. రెండో వైపున ‘స్టే ఫ్రీ’ తప్ప మిగతావాటిని దాటేసినా పెద్ద నష్టం లేదు గాని, మొదటి వైపు ఐదింటినీ మాత్రం మంచి హెడ్‌ఫోన్లతో, శబ్దం కాస్త పెంచి, వరుస తప్పకుండా వినవలసిందే.