ఎస్ఎంపీఎస్ చాలడం లేదని తేల్చడానికి ఏది మేలు: మల్టీమీటరా, పవర్ లిమిటా, మార్చి చూడడమా?

గేమ్ మొదలైన పది నిమిషాలకు, అదీ తెర మీద పేలుళ్లు ఎక్కువైనప్పుడే, కంప్యూటర్ చప్పున ఆరిపోయి తనంతట తానే మళ్లీ లేస్తుంటే చాలామంది ముందుగా విండోస్‌ను అనుమానిస్తారు. మా తమ్ముడైతే దాన్ని రెండుసార్లు తుడిచి మళ్లీ ఎక్కించాడు. అతను సొంతంగా బిగించుకున్న కంప్యూటర్‌లో రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు ఉండగా, భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మాత్రం పాత కంప్యూటర్ నుంచి తీసి పెట్టిన 550 వాట్లది. ఆ కార్డు ఒక్కటే 320 వాట్ల దాకా లాగుతుంది. దానికి ఎన్విడియా సూచించినది 750 వాట్ల ఎస్ఎంపీఎస్. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించిన కెర్నెల్-పవర్ 41 అనే నమోదు కంప్యూటర్ సక్రమంగా మూతపడలేదని చెబుతుందే తప్ప, ఎందుకో చెప్పదు.

అతను మొదట మల్టీమీటర్ పట్టుకున్నాడు. 12 వోల్టుల లైను 11.4కు, 12.6కు మధ్య ఉండాలి. అది ఆరిపోయే క్షణం దాకా నిక్షేపంగా 12.1 చూపించింది. ఇందులో వింతేమీ లేదు. సాధారణ మీటరు సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది, కార్డు మాత్రం కొన్ని మిల్లీసెకన్ల పాటు తన పరిమితిని బాగా దాటి కరెంటు లాగుతుంది, ఆ కుదుపుకే ఎస్ఎంపీఎస్‌లోని రక్షణ వ్యవస్థ సరఫరాను తెంచేస్తుంది. మదర్‌బోర్డు సెన్సర్ చదివి సాఫ్ట్‌వేర్ చూపే అంకెలను నేను అంతకన్నా తక్కువ నమ్ముతాను.

పైసా ఖర్చు లేనిది, నా దృష్టిలో ముందు చేయవలసినది, గ్రాఫిక్స్ కార్డును సర్దే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను, అంటే కార్డు లాగగల వాట్ల హద్దును, 70 శాతానికి దించడం. అప్పుడు కార్డు వాడకం సుమారు 224 వాట్లకు పడిపోతుంది. మా తమ్ముడి కంప్యూటర్ ఆ రాత్రి మూడు గంటలు ఆగకుండా నడిచింది. అయితే వాట్లతో పాటు వేడీ తగ్గుతుంది కాబట్టి, కార్డులోనే లోపం ఉన్నా ఇలాగే సర్దుకోవచ్చు. కనుక దీన్ని బలమైన అనుమానంగా తీసుకోవాలి గానీ రుజువుగా కాదు. ఈ పరీక్షకు ముందే యూపీఎస్‌ను తప్పించి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది.

రుజువు కావాలంటే సరిపడా వాట్లున్న మరో ఎస్ఎంపీఎస్‌ను అరువు తెచ్చి, పవర్ లిమిట్‌ను మళ్లీ 100కు పెట్టి, అదే గేమ్ ఆడి చూడడమే మేలు. శ్రమ ఎక్కువే. పైగా కేబుళ్లు ఊడదీయగలిగే మాడ్యులర్ రకమైతే పాత కేబుళ్లను కొత్తదానికి పెట్టకూడదు. పిన్నుల అమరిక కంపెనీకో తీరుగా ఉండి డ్రైవులు కాలిపోయే ప్రమాదముంది. కార్డుకు ఒకే కేబుల్‌లోని రెండు కొసలు కాకుండా రెండు వేర్వేరు కేబుళ్లు ఇవ్వాలి.

స్నేహితుడి 850 వాట్లదానితో ఒక్కసారి కూడా ఆగలేదు గనుక తమ్ముడు 750 వాట్లది కొన్నాడు. పాత 550 వాట్లది చెడిపోలేదు. గ్రాఫిక్స్ కార్డు లేని మా నాన్నగారి కంప్యూటర్‌లో ఇప్పటికీ నడుస్తోంది.