చలికాలపు విత్తనాల కిట్: గింజలు బాగున్నాయి, క్యాలెండరే దండగ

చలికాలం కూరగాయల విత్తనాలు, నారు ట్రే, కోకోపీట్ (మట్టి బదులు వాడే కొబ్బరిపీచు పొడి), ఎప్పుడు ఏది వేయాలో చెప్పే క్యాలెండర్, అన్నీ ఒకే డబ్బాలో వచ్చే కిట్ ఇది. విత్తనాలకైతే వంక పెట్టలేను. ముల్లంగి వారం తిరక్కుండానే మొలిచింది. బీట్‌రూట్ ఒక్కో గింజకి రెండు మూడు మొలకలు గుంపుగా వచ్చాయి (కంగారు పడకండి, ఆ గింజే కొన్ని విత్తనాలు అతుక్కున్న ఉండ, బలంగా ఉన్న మొలక ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించేయండి, పీకితే పక్కదాని వేరు కదిలిపోతుంది).

గొడవంతా క్యాలెండర్‌తోనే. అన్నీ ఒకే నెలలో వేసేయమంటుంది! ముల్లంగి నెల రోజుల్లో చేతికొస్తుంది, క్యారట్‌కి రెండున్నర నెలలన్నా కావాలి, క్యాలీఫ్లవర్ అయితే నారు ఎదగడానికే నాలుగైదు వారాలు, మరి అన్నింటికీ ఒకటే ముహూర్తం ఏంటండీ? మంచు గడ్డకట్టే చోట ఉండేవాళ్లు తొలి మంచు సుమారుగా ఎప్పుడు పడుతుందో చూసుకుని, పంటకి పట్టే రోజులు అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి, పగటి పొద్దు తగ్గేకొద్దీ మొక్క ఎదుగుదల కూడా మందగిస్తుంది కాబట్టి ఇంకో రెండు వారాలు కలుపుకోవాలి. పాకెట్ల మీద పంట ఎన్ని రోజులకొస్తుందో కూడా వేయకపోతే ఈ లెక్క ఎలా కుదురుతుంది?

ఇంకోటి, ట్రేని మంచి ఎండలో పెట్టమని రాశారు. టమాటాకి చెప్పాల్సిన మాట అది. లెట్యూస్, పాలకూర గింజలకి వేడి పడదు, 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ చాలావరకు మొలవనే మొలవదు. ట్రేని వెలుతురున్న నీడపట్టుకి మార్చి, గింజల మీద మట్టి పల్చగా చల్లాకే నాకు మొలకలు కనిపించాయి.

క్యారట్ కూడా ట్రేలో నారు పోసి తర్వాత నాటమన్నారు, ఇది రాసినాయన జన్మలో క్యారట్ పండించలేదని నా డౌటు. నారు పీకి నాటితే వేరు దెబ్బతిని, గడ్డ రెండు మూడు కాళ్లుగా చీలిపోతుంది. నేరుగా మడిలోనే చల్లి, మొలిచేదాకా పైమట్టి ఆరకుండా చూసుకోండి.

కంపెనీకి మెసేజ్ పెడితే "క్యాలెండర్ ఫాలో అవ్వండి" అని జవాబొచ్చింది, ఏం చెప్తాం.

అయిదుకి మూడిస్తాను, అదీ గింజల మొహం చూసి. కొనేవాళ్లు ముందు ఉల్లి పాకెట్ మీద ప్యాకింగ్ తేదీ చూసుకోండి, ఉల్లి విత్తనం పాతబడేకొద్దీ మొలక శాతం గబగబా పడిపోతుంది, నాకొచ్చిన పాకెట్ మీద ఆ తేదీ సగం చెరిగిపోయి ఉంది.