వెనకవైపు లామినేషన్ వద్దు: విజిటింగ్ కార్డును ఏళ్లుగా వాడాక

విజిటింగ్ కార్డులు కొట్టించుకుంటున్నామని ఎవరైనా అంటే నేను చెప్పే మాట ఒకటే. వెనకవైపు లామినేషన్ వద్దనండి. చెప్పకపోతే ప్రెస్సువాళ్లు రెండు వైపులా వేసేస్తారు. పట్టుకుంటే నున్నగా, ఖరీదైనదిగా ఉంటుంది. బాల్ పెన్ను పెడితే మాత్రం జారిపోతుంది. రాసుకోవడానికి వీల్లేని కార్డు నా పనికి సగమే పనికొస్తుంది.

మాది జంగారెడ్డిగూడెం దగ్గర మోటారు వైండింగ్ షాపు. బోర్లలో సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగి నడిచే) మోటార్లు దింపడం, లేపడం, కాలిపోతే వైండింగ్ కట్టడం, అంటే లోపలి రాగి తీగ మళ్లీ చుట్టడం, మా పని. చుట్టూ పామాయిల్, కోకో, పొగాకు, మొక్కజొన్న. ఫోన్లు వచ్చాక కార్డులెందుకని చాలామంది అడిగారు. నేను ఆపలేదు, ఆపే ఆలోచన కూడా లేదు.

మోటారు బిగించాక కార్డు వెనకాల నాలుగు సంగతులు రాస్తాను: ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు (పంపులో ఒకదాని మీద ఒకటి నీటిని పైకి నెట్టే చక్రాలు), ఎన్ని అడుగుల్లో దింపాం, పైపులెన్ని. కింద తేదీ. దాన్ని స్టార్టర్ డబ్బా తలుపుకి లోపలివైపు అతికిస్తాను. మొదట్లో ఇదంతా నా సౌకర్యం కోసమే. మళ్లీ వచ్చినప్పుడు పాత పుస్తకాలు వెతుక్కోవాల్సిన పని ఉండదని. దాని అసలు విలువ నాకు ఒక ఎండాకాలంలో తెలిసింది.

ఒక పామాయిల్ తోట. యజమాని హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటారు. తోటలో కాపలాకి ఒక కుటుంబం. నా నంబరు, మోటారు వివరాలు, బిల్లు ఫొటో, అన్నీ యజమాని ఫోన్లోనే ఉన్నాయి. ఆ రోజు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫేజుల్లో ఒక ఫేజు ఫ్యూజు పోయింది. అలా ఒక ఫేజు పోతే మోటారుని ఆపాల్సిన ప్రివెంటర్ పని చేయలేదు. మోటారు రెండు ఫేజుల మీదే మూలుగుతూ నడిచి కాలిపోయింది. యజమానికి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆయన విమానంలో ఉన్నారని తర్వాత తెలిసింది.

కాపలా ఆయన కూడా ఏదో పని మీద ఊళ్లోకి వెళ్లాడు. ఇంట్లో ఆయన భార్య, బడికి వెళ్లే కూతురు ఉన్నారు. వాళ్ల దగ్గర ఉన్నది కీప్యాడ్ ఫోన్. డబ్బా తలుపు లోపల అతికించిన కార్డు చూసి ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మోటారు మావయ్యగారేనా అండీ? మా తోటలో మోటారు ఆగిపోయిందండి, కాలిన వాసన వస్తోంది." ముందు మెయిన్ స్విచ్ ఎవరైనా ఆపారా అని అడిగాను. వాళ్లమ్మ ఆపేసిందని చెప్పింది. ఏ తోట అని అడిగితే ఊరు పేరు చెప్పి, తనే మళ్లీ అంది: "ఇక్కడ పెన్నుతో ఏదో రాసుందండి, చదవనా?"

చదివింది. ఏడున్నర, పన్నెండు, మూడు వందల ఇరవై, పదహారు. అవి దేని అంకెలో ఆ పిల్లకి తెలియదు. నాకు అంతకు మించి అక్కర్లేదు. 7.5 హెచ్‌పీ, 12 స్టేజీలు, 320 అడుగులు, ఇరవై అడుగుల పైపులు 16. షాపులో అదే లెక్కకి సరిపోయే బదులు మోటారు ఉంది. దాన్నీ, చైన్ పుల్లీనీ, మూడు కాళ్ల స్టాండునీ, కేబుల్ జాయింటు సామాన్లనీ ఒకేసారి బండికెత్తించి, మర్నాడు పొద్దున్నే ఇద్దరు మనుషులతో వెళ్లాను. మామూలుగా అయితే ముందు వెళ్లి చూసి, షాపుకి వచ్చి సామాను వేసుకుని, మళ్లీ వెళ్లాలి. ఆ తిరుగుడంతా తప్పింది. మధ్యాహ్నం కరెంటు పోయేలోపు నీళ్లు వచ్చాయి.

ఒక్క రోజుకి ఇంత హడావుడి ఎందుకని పట్నంవాళ్లకి అనిపించొచ్చు. పామాయిల్ ఎకరాకి 57 చెట్లు వేస్తారు. ఎండాకాలంలో కాపు చెట్టుకి రోజుకి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు కావాలి, ముదురు తోటకైతే ఇంకా ఎక్కువ. ఎద్దడి తగిలితే గెల కట్టని మగ పూగుత్తులు ఎక్కువవుతాయి, దాని దెబ్బ నెలల తర్వాత గెలల్లో కనిపిస్తుంది. అందుకే మోటారు కాలిందంటే రైతుకి అంత టెన్షన్.

ఆ రోజు నుంచి నాకు గట్టిగా ఒకటి తోచింది. ఫోన్లో నంబరు మనిషి దగ్గర ఉంటుంది. ఆ మనిషి అందకపోతే నంబరూ అందదు. కార్డు పని దగ్గరే ఉంటుంది. కౌలు రైతు మారినా, కాపలా మారినా, తోట అమ్ముడుపోయినా, మోటారు పక్కనే ఉండి దాని సంగతి చెబుతుంది. ఇంకే పద్ధతిలోనూ నాకు ఇది దొరకలేదు.

మిగతావీ వాడి చూశాను. ఎన్‌ఎఫ్‌సీ కార్డు ఫోనుకి దగ్గరగా పెడితే వివరాలు తెరుచుకుంటాయి. చూడ్డానికి బాగుంది. కానీ మా రైతుల్లో చాలామంది వాడే చవక ఫోన్లలో ఆ సదుపాయమే లేదు, కీప్యాడ్ ఫోన్లలో అసలే ఉండదు. క్యూఆర్ కోడ్ సంగతి ఇంకా బాధ. ఒక కంపెనీ చేసిచ్చిన కోడ్‌ని కార్డు మీద అచ్చు వేయించాను. అది నా నంబరు నేరుగా చూపించే కోడ్ కాదు, వాళ్ల సర్వర్‌కి వెళ్లి అక్కడి నుంచి తెచ్చే రకం. చందా గడువు అయ్యాక స్కాన్ చేసినవాళ్లకి నా పేరు బదులు డబ్బు కట్టమనే పేజీ వచ్చింది. అమ్మేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు. నా డబ్బుతో అచ్చయిన కార్డు మీద నా చిరునామా ఇంకొకరి చేతిలో ఉండడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. క్యూఆర్ కావాలనుకుంటే వివరాలన్నీ ఆ చుక్కల్లోనే ఉండే మామూలు కోడ్ వేయించుకోండి. దానికి సర్వరూ అక్కర్లేదు, చందా అక్కర్లేదు.

అలాగని అచ్చు కార్డుతో ఇబ్బందులు లేవని కాదు. లామినేషన్ లేని వైపు చెమ్మకి ఉబ్బుతుంది, చెదలూ పడతాయి. జెల్ పెన్నుతో రాసిందైతే ఒక్క వానాకాలానికే అలుక్కుపోతుంది. బాల్ పెన్ను కాస్త నయం, అదీ కొన్నేళ్లకి వెలిసిపోతుంది. నేను రాసిన పాత కార్డులు కొన్ని ఇప్పుడు నేనే చదవలేను. అందుకే ఈ మధ్య అవే వివరాలు షాపు పుస్తకంలోనూ రాయిస్తున్నాను. ఒక జాగ్రత్త తప్పనిసరిగా చెప్పాలి: కార్డుని డబ్బాలో ఊరికే దోపకూడదు. జారి కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపి, తెంచే స్విచ్) మీద పడితే ప్రమాదం. నాలుగు అంచులా జిగురు పట్టించి, తలుపుకి మాత్రమే అతికించాలి, అదీ మెయిన్ ఆపాక.

చిరునామా సంగతి కూడా ఉంది. 2022లో జిల్లాలు మారినప్పుడు మేము పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లాం. కట్టల కొద్దీ ఉన్న కార్డుల మీద పాత జిల్లా అలాగే ఉండిపోయింది. తర్వాత కొట్టించిన వాటి మీద జిల్లా పేరే తీసేశాను. ఊరు, సెంటరు పేరు, ఫోన్ నంబరు చాలు. నంబరు మాత్రం అన్నిటికన్నా పెద్ద అంకెల్లో ఉండాలి. రాత్రిపూట టార్చి వెలుగులో పెద్దవాళ్లు చదవగలగాలి.

తెలుగులో కొట్టించేవాళ్లు ప్రూఫ్ చూడకుండా ఒప్పుకోవద్దు. వాట్సాప్‌లో మనం పంపే అక్షరాలు చాలా ప్రెస్సుల్లో వాడే అను అనే తెలుగు ఫాంట్లలోకి నేరుగా రావు, చాలాచోట్ల మళ్లీ టైపు చేస్తారు. అక్కడ ఒత్తులు, సున్నలు పోతుంటాయి.

వెయ్యి కొట్టిస్తే వెయ్యీ పనికొస్తాయని చెప్పను. పెళ్లిళ్లలో, సంతల్లో పంచినవి ఏమయ్యాయో తెలియదు, వాటి వల్ల వచ్చిన పని కూడా పెద్దగా గుర్తులేదు. నా చేత్తో రాసి, నా చేత్తో అతికించినవే తిరిగి పని తెచ్చాయి. కాబట్టి ఆఫీసు మీటింగుల్లో మనుషుల్ని కలిసే ఉద్యోగస్తులకి నా అనుభవం అక్కరకు రాకపోవచ్చు. వాళ్లకి ఫోన్లో నంబరు సేవ్ చేసుకోవడమే తేలిక కావచ్చు. తరచూ నంబరు మార్చేవాళ్లు అసలు కొట్టించకపోవడమే మంచిది. నేను 2011 తర్వాత ఫోన్ కంపెనీ మారాను గాని నంబరు పోర్ట్ చేయించుకున్నాను, అంటే పాత నంబరే ఉంచుకున్నాను, అందుకే పాత కార్డులు ఇంకా పలుకుతున్నాయి.

లేత్ పనివాళ్లు, ఇన్వర్టర్ బిగించేవాళ్లు, ఆర్‌ఓ ప్లాంటు మెకానిక్‌లు, అంటే బిగించి వచ్చాక ఏళ్ల తర్వాత మళ్లీ పిలుపు వచ్చే పని చేసేవాళ్లెవరైనా ఇది చేసి చూడొచ్చు. ఈసారి ఆర్డరులో వెనకవైపు కోటింగ్ కూడా లేని బోర్డు (కార్డు అట్ట) అడిగాను. హెచ్‌పీ, స్టేజీలు, అడుగులు, పైపులు, తేదీ అని చిన్న అక్షరాల్లో గళ్లు అచ్చు వేయించాను, మా కుర్రాళ్లు ఏదీ రాయకుండా వదలకూడదని. ఆ బోర్డు చెమ్మకి ఎంతవరకు ఆగుతుందో ఒక వానాకాలం గడిస్తేనే చెప్పగలను.