ముందు ఎవరి మాట వినాలి: రోగిదా, ఇంటివాళ్లదా?

సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, లేనివి నిజమని గట్టిగా నమ్మడం లాంటి మానసిక స్థితి) అన్న అనుమానంతో తీసుకొచ్చిన మనిషి హిస్టరీ, అంటే జబ్బు వివరాలు, రాసుకోబోతుంటే, మొదటి చిక్కు గుమ్మం దగ్గరే ఎదురవుతుంది. "అతను లోపలికి రాకముందే మీతో ఒక్క మాట చెప్పాలి డాక్టరుగారూ" అంటారు ఇంటివాళ్లు. సరే అనాలా, వద్దా?

సరే అనడంలో లాభం ఉంది. నిద్ర ఎప్పుడు తగ్గింది, పనికి వెళ్లడం ఎప్పుడు మానేశాడు, ఒక్కడే నవ్వుకోవడం ఎప్పటినుంచి, ఇవన్నీ వాళ్లే సరిగ్గా చెప్పగలరు. రోగినడిగితే చాలాసార్లు "నాకేమీ లేదు, వీళ్లే తెచ్చారు" అంటాడు. అది మొండితనం కాదు. తనకు జబ్బుందని తెలియకపోవడం కూడా ఈ జబ్బులో భాగమే. పైగా ఇక్కడ కాలం లెక్క ముఖ్యం. సైకోసిస్ కనిపించే జబ్బుల్లో ఒకటైన స్కిజోఫ్రేనియా అనాలంటే, అమెరికా సైకియాట్రిస్టుల సంఘం నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం మార్పులు కనీసం 6 నెలలుగా ఉండాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం లక్షణాలు 1 నెల ఉంటే చాలు. "కొన్నాళ్లుగా" అనే జవాబుతో రెండింట్లో ఏదీ తేలదు.

అయినా నేను రోగివైపే మొగ్గుతాను. అందరూ తన వెనక గుసగుసలాడుతున్నారని నమ్మే మనిషి బయట కూర్చుని ఉండగా, లోపల తలుపేసుకుని అతని గురించే మాట్లాడుకుంటే ఇంకేం కావాలి? ఆ అనుమానానికి మనమే సాక్ష్యం ఇచ్చినట్టు. తర్వాత ఏమడిగినా "వాళ్లు చెప్పారుగా" అని ఊరుకుంటాడు.

ఇంకో సంగతి. ఇంటివాళ్లు చెప్పేది బయటికి కనిపించిన ప్రవర్తన. "తనలో తనే మాట్లాడుకుంటున్నాడు" అంటారు. ఎవరి గొంతు, ఏమంటోంది, అతన్ని తిడుతోందా, ఏదైనా చెయ్యమంటోందా, చెయ్యమంటే ఎప్పుడైనా చేశాడా, ఇవి అతనొక్కడికే తెలుసు. ప్రాణాపాయం దాగి ఉండేది ఇక్కడే. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడానికి కొత్తవాళ్లు జంకుతారు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు.

కూర్చోగానే "చెవిలో మాటలు వినిపిస్తున్నాయా?" అని మొదలుపెట్టొద్దు. నిద్ర, తిండి, ఈమధ్య టెన్షన్ పెడుతున్న విషయాలు, అలా వెళ్తే అసలు కథ దానంతటదే వస్తుంది. "పక్కింటివాళ్లు నా ఫోన్ వింటున్నారు" అంటే అవుననీ కాదు, కాదనీ కాదు: "దానివల్ల మీకు చాలా భయంగా ఉన్నట్టుంది. ఎలా తెలిసింది మీకు?" అనాలి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులోనే నమ్మకం ఎంత గట్టిదో కనిపిస్తుంది.

ఫారం ముందు పెట్టుకుని వరసగా అడిగితే? ఈ లక్షణాల తీవ్రతను కొలిచే పాన్స్ స్కేలులో 30 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. మందుతో ఎంత మారిందో కొలవడానికి బాగుంటుంది. మొదటి రోజు మాత్రం పోలీసు విచారణలా ఉంటుంది.

నా మాట చెల్లని చోట్లూ ఉన్నాయి. రోగి పగలో రాత్రో తెలియని అయోమయంలో ఉన్నా, కాసేపు తేరుకుని మళ్లీ మత్తులోకి జారుతున్నా, జ్వరం ఉన్నా, లేని మనుషులు కంటికి కనిపిస్తున్నారన్నా ముందు డెలీరియం (ఒంట్లో జబ్బు వల్లో, మందులూ మత్తు పదార్థాల వల్లో హఠాత్తుగా వచ్చే అయోమయం) గుర్తుకు రావాలి. అప్పుడు మొదటి ప్రశ్నలు ఇంటివాళ్లకే: ఫిట్స్ ఉన్నాయా, స్టెరాయిడ్లు వాడుతున్నారా, మద్యం హఠాత్తుగా మానేశారా, గంజాయి అలవాటుందా, ఈమధ్యే కాన్పు అయిందా.

మిగతా సమయాల్లో రోగితో ఓ పావుగంట గడిపాక, "ఇప్పుడు మీవాళ్లతో కూడా మాట్లాడతాను, వాళ్లకు చెప్పొద్దనుకున్నది ఏమైనా ఉందా?" అని అతన్నే అడుగుతాను. ప్రాణానికి ముప్పున్న సంగతైతే దాచలేనని కూడా అప్పుడే చెప్పేస్తాను.