స్టాండప్‌లో కూర్చోవాలా, గిట్ చూసుకోవాలా?

పర్లాకిమిడిలో ఇంట్లో కూర్చుని బెంగళూరు టీమ్‌కి డాక్స్ (సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే రాతలు) రాస్తుంటా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, మీటింగులో ఇంగ్లీషు. సాఫ్ట్‌వేర్‌లో ఏం మారిందో తెలుసుకోడానికి నాకున్నవి రెండు దార్లే: ఒకటి స్టాండప్, అంటే టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్; రెండోది గిట్, అంటే కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచి ఉంచే టూల్.

టైం: స్టాండప్ 15 నిమిషాలంటారు గానీ అరగంట అవుతాది, రోజూ.
గిట్‌కి వారానికి రెండు గంటలు, ముందే పుల్ చేసుకుంటే (మార్పుల్ని మన కంప్యూటర్‌లోకి దింపుకుంటే) నెట్ పోయినా కమిట్లు, అంటే సేవ్ చేసిన ఒక్కో మార్పూ, చదూకోవచ్చు.

కష్టం: స్టాండప్‌కి చెవులు చాలు.
గిట్‌కి కాస్త కోడ్ రావాలి, పైగా కమిట్ మెసేజ్‌లో "ఫిక్స్‌డ్" అని ఒక్క ముక్క రాసి వదిలేసే మహానుభావులుంటారు.

రిస్క్: అసలు కథ ఇక్కడే. మొన్న కమిట్ చూసి, లోకల్ బిల్డ్‌లో (నా కంప్యూటర్‌లోనే నడిపిన కాపీలో) స్క్రీన్‌షాట్లు తీసి మరీ కొత్త ఎక్స్‌పోర్ట్ బటన్ గురించి రాసేశా, తీరా చూస్తే అది ఫీచర్ ఫ్లాగ్‌తో, అంటే కోడ్‌లో ఉండే ఆన్-ఆఫ్ స్విచ్‌తో, ఆపేసి ఉంది, కోడ్ మెర్జ్ అయినంత (అసలు కోడ్‌లో కలిసినంత) మాత్రాన కస్టమర్‌కి కనబడాలని లేదు కదా.
స్టాండప్‌లో దీనికి ఉల్టా, ఏపీఐలో (వేరే ప్రోగ్రాములు మన సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారిలో) ఒక ఫీల్డ్ పేరు మార్చితే ఎవరూ నోరెత్తరు.

సెమాంటిక్ వెర్షనింగ్ (మార్పు ఎలాంటిదో వెర్షన్ నంబర్‌లోనే చెప్పే పద్ధతి) పాటించే టీమ్ 2.4.0 నుంచి 3.0.0కి వెళ్తోందంటే పాతవి కొన్ని పనిచెయ్యవు, ఎందుకు మార్చారో డెవలపర్ నోటే వినాలి, మీటింగ్ మానొద్దు. 2.4.1 లాంటి ప్యాచ్‌లకి (చిన్న రిపేర్లకి), ఏపీఐ రిఫరెన్స్‌కి (ఏపీఐ వివరాలు రాసే డాక్‌కి) గిట్ చూసుకోడమే నయం. కొత్తగా చేరినోళ్లయితే మొదటి మూడు నెలలు స్టాండప్‌కే ఓటెయ్యండి.